హిస్టరీ డిగ్రీ స్టేట్‌మెంట్ ఎలా మొదలుపెట్టాలంటే...

తమ్ముడూ, బ్రిటన్‌లో హిస్టరీ డిగ్రీకి దరఖాస్తుతో పాటు నీ గురించి రాస్తున్న వ్యాసం, అదే పర్సనల్ స్టేట్‌మెంట్, "చిన్నప్పటి నుంచి చరిత్రంటే ఇష్టం" దగ్గరే ఆగిపోయిందన్నావు. ఆ వాక్యం తీసెయ్. మన నల్గొండలో ఉంటూ సరుకు లేదని టెన్షన్ పడొద్దు. నాగార్జునకొండనే తీసుకో. సాగర్ నీళ్లలో మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వారు, కొన్ని కట్టడాలను కొండపైన, ఒడ్డునున్న అనుపులో మళ్లీ కట్టారు. చోటు మారిన కట్టడం చరిత్రకారుడికి ఎంతవరకు సాక్ష్యం? దేన్ని కాపాడాలో ఎవరు నిర్ణయించారు? ఇలాంటి ఒక్క ప్రశ్న పట్టుకుని ఏం చదివావో, చదివాక నీ అభిప్రాయం ఎక్కడ మారిందో రాయి. నా ఉద్దేశంలో స్టేట్‌మెంట్‌కు ప్రాణం అదే.

బ్రిటన్ యూనివర్సిటీలకు దరఖాస్తులు తీసుకునే సంస్థ యూకాస్. 2026 ప్రవేశాల నుంచి దాని స్టేట్‌మెంట్‌లో మూడు ప్రశ్నలుంటాయి. మొత్తం 4,000 క్యారెక్టర్లు, ఒక్కో జవాబు కనీసం 350. డ్రాఫ్ట్ మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకు, వేరే స్టేట్‌మెంట్లతో పోలికలున్నాయేమో యూకాస్ చెక్ చేస్తుంది.