బాపు సంతకం పెట్టిన కాగితం

ఇంగ్లీష్ ప్రపంచమంతా పాకడం వల్ల మనలాంటి సమాజాలకు లాభమా నష్టమా, అనుభవం ఉంటే చెప్పండి అని ఒకరు అడిగారు. నేను దానివల్ల లాభపడ్డవాణ్ని. అయినా నష్టం గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది మా ఇంట్లోనే చూశాను.

మాది సూర్యాపేట వైపు పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. 2004లో ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చాక మొదటి సంవత్సరం నరకం. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. ఇంటర్‌లో అవకలనం అని చేసిందే ఇక్కడ డిఫరెన్షియేషన్ అని తెలిసేసరికి రెండు వారాలు గడిచిపోయాయి, ఈలోపు వెనక బెంచీకి అలవాటు పడిపోయాను. తర్వాత అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్, కంప్యూటర్ కోర్సు, ఆఖరికి మాదాపూర్‌లో ఉద్యోగం. ఆ జీతంతోనే చెల్లి పెళ్లి చేశాం, మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నాం. కాబట్టి తమ పిల్లల్ని కాన్వెంట్‌లో చదివిస్తూ పేదోళ్ల పిల్లలకు మాత్రం మాతృభాషే మేలని చెప్పేవాళ్లంటే నాకు నిజంగా కోపం.

ఇక మా బాపు, అంటే మా నాన్న సంగతి. ఏడో తరగతి దాకా చదివాడు. పొద్దున్నే పేపర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదవనిదే ఛాయ్ తాగడు, ఊళ్లో ఎవరికి పాస్‌బుక్ సమస్య వచ్చినా అర్జీ రాసిపెట్టేది ఆయనే. నాలుగేళ్ల కింద గుండెలో నొప్పి వస్తే ఇక్కడ ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్చాం. నేను కింద డబ్బులు కట్టి పైకి వచ్చేలోపు ఆయన చేత నాలుగైదు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. అన్నీ ఇంగ్లీష్‌లోనే. ఏం రాసుంది బాపూ అని అడిగితే, "నాకేం ఎర్క బిడ్డా, పెట్టుమన్నరు, పెట్టిన" అన్నాడు. పది ఊళ్ల అర్జీలు రాసిన మనిషి ఆ మంచం మీద నిశానీ వేసేవాడితో సమానమైపోయాడు. ఆయనకు ఏ సిగ్గూ లేదు, పెద్ద ఆసుపత్రుల్లో ఇంతే కదా అనుకున్నాడు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

అక్కడ కాగితం ఇచ్చిన అమ్మాయి తెలుగే, డాక్టర్ తెలుగే, రోగి తెలుగే. మధ్యలో కాగితం ఒక్కటే ఇంగ్లీష్. ఇది ఆసుపత్రితో ఆగదు. బ్యాంకు లోన్ పత్రాలు, ఇన్సూరెన్స్, మందుల సీసా మీద చీటీ, చాలావరకు ఇంతే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దంపతులు ఏ కాగితం వచ్చినా సాయంత్రం నా దగ్గరికే తెస్తారు. నేను ఊరికి పోతే అది వారం రోజులు అలా పడి ఉండాల్సిందే.

మన భాషల్లో అలాంటి విషయాలు రాయడం కుదరదంటారు కొందరు. ఈ నగరంలోనే నిజాం కాలంలో, 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు, పుస్తకాల కోసం ప్రత్యేకంగా ఒక అనువాద విభాగమే నడిపారు, వైద్యం కూడా ఉర్దూలోనే చదివారు. మరి తెలుగు? నిజాం రాజ్యంలో మిగతా భాషలకన్నా ఎక్కువమంది మాట్లాడేది అదే అయినా దానికి చోటు లేదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఇంగ్లీష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు విన్నవాళ్లే, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం అనే సంస్థ పుట్టింది. అంటే భాషతో నోరు మూయించడం మనకు ఇంగ్లీష్‌తోనే మొదలు కాలేదు. ఉర్దూ పోయి ఇంగ్లీష్ వచ్చింది, బాపు లాంటివాళ్లు మాత్రం కౌంటర్‌కు ఇవతలే ఉండిపోయారు.

చేయాలనుకుంటే దారి ఉంది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీష్ మీడియం తెచ్చినప్పుడు, ఒక పేజీలో ఇంగ్లీష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉండేలా పుస్తకాలు వేశారు. మా అన్న కొడుకు పుస్తకం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, 2004లో నాకు కావాల్సింది సరిగ్గా అదే. బడి పిల్లలకు ఇవ్వగలిగింది, ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టే మనిషికి ఎందుకు ఇవ్వరు? మీరు ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పనిచేస్తుంటే ఒక్క ఫారంతో మొదలుపెట్టండి. గ్రాంథికం అక్కర్లేదు, స్టెంట్‌ని స్టెంట్ అనే రాయండి, వాక్యం తెలుగులో ఉంటే చాలు.

డిశ్చార్జ్ కాగితం నేనే కూర్చుని రూళ్ల నోట్‌బుక్‌లో తెలుగులో రాసిచ్చాను. బాపు రెండుసార్లు చదివాడు. తర్వాతి చెకప్‌కి ఆ నోట్‌బుక్ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లి, నన్ను మాట్లాడనివ్వకుండా తనే డాక్టరమ్మను అడిగాడు, రక్తం పల్చగ చేసే గోలీ ఇన్నొద్దులు ఎందుకేసుకోవాలమ్మా, పన్ను పీకించుకోవాల్నంటే దాన్ని ఆపాల్నా వద్దా అని. ఆవిడ పెన్ను పక్కన పెట్టి తెలుగులో పది నిమిషాలు చెప్పింది.