పాదం ముట్టుకుంటే చాలు, ఏడుస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప 30 వారాలకే పుట్టింది. ఐదు వారాలు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంది. రోజూ మడమలో గుచ్చి రక్తం తీసేవారు. ఇప్పుడు ఎనిమిదో నెల నిండింది. సాక్స్ తొడగబోయినా కాలు లాక్కుని ఏడుస్తుంది. ఆ నొప్పి తనకింకా గుర్తుందా? ఎప్పటికీ ఇలాగే ఉంటుందా?

జవాబు: మీకు గుర్తున్నట్టుగా పాపకు ఆ రోజులు గుర్తుండవమ్మా. కానీ ఒంటికి గుర్తుంటుంది. నెలలు నిండని బిడ్డలో నొప్పిని మెదడుకు చేరవేసే నరాలు అప్పటికే పనిచేస్తుంటాయి. ఆ నొప్పికి పైనుంచి పగ్గం వేసే ఏర్పాటు మాత్రం ఇంకా సరిగ్గా తయారై ఉండదు. ఒకేచోట మళ్లీ మళ్లీ గుచ్చితే అక్కడ స్పర్శ మరీ సున్నితమైపోతుంది, ఊరికే ముట్టుకున్నా ఉలిక్కిపడతారు. అసలు సూదిపోటు కంటే, రక్తం చుక్క కోసం మడమ పిండటమే ఎక్కువ బాధ.

‘అప్పుడు పెద్దగా ఏడ్చేది కాదే’ అనుకుంటున్నారేమో. నుదురు ముడిపడటం, కళ్లు గట్టిగా మూసుకోవడం, చేతివేళ్లు విచ్చుకోవడం... అంత చిన్న బిడ్డలకు అదే ఏడుపు. బాగా అలసిపోతే అదీ ఉండదు, ఒళ్లు వదిలేస్తారు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, 1980ల దాకా మా వైద్యుల్లోనే చాలామంది పసికందులకు నొప్పి తెలియదనుకున్నారు. కదలకుండా మందిచ్చి, చాలీచాలని మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చిన బిడ్డలు ఆపరేషన్ తర్వాత తక్కువ ఇబ్బందులతో కోలుకున్నారని 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్ ఆనంద్ బృందం చూపించాక ఆలోచన మారింది. అలవాట్లు అంత తొందరగా మారలేదు. 2008లో వెలువడిన పారిస్ ప్రాంతపు అధ్యయనంలో 430 మంది శిశువులను గమనిస్తే, నొప్పి పెట్టే పనుల్లో దాదాపు 80 శాతం ముందస్తుగా ఏ ఉపశమనమూ లేకుండానే జరిగాయి. తల్లి గుండెలకు హత్తుకోవడం, చనుపాలు, నాలుక మీద రెండు చుక్కల చక్కెర ద్రావణం కూడా పనిచేస్తాయని తెలిసీ.

ఎక్కువ సూదిపోట్లు పడ్డ బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు, మెదడు ఎదుగుదల కొంత తేడాగా ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అయితే అందులో జబ్బు పాలెంతో, సూది పాలెంతో విడదీయడం కష్టం. పైగా ఇంట్లో ప్రశాంతమైన స్పర్శ దొరికితే ఆ ప్రభావం తగ్గుతుంది. మీ చేతిలో ఉన్నది ఇదే కాబట్టి చెబుతున్నా: పాదాన్ని నేరుగా పట్టుకోకండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరచేయి మొత్తం తొడ మీద ఆనించి, మెల్లగా కిందికి జరపండి. వేళ్లతో సున్నితంగా నిమిరితే ఇలాంటి పిల్లలకు చక్కిలిగింతలా చిరాకు, నిలకడగా ఆనిన చేయి నయం. కాలు లాక్కుంటే అక్కడితో ఆపి, రేపు మళ్లీ చూడండి.

మడమలో చిన్న గట్టి గింజల్లాంటివి తగిలితే కంగారు వద్దు. సూది గుచ్చిన చోట కాల్షియం చేరి అలా అవుతుంది, చాలావరకు వాటంతటవే పోతాయి. కానీ వాపు, ఎరుపు ఉన్నా, ఒక కాలు తక్కువగా కదిలిస్తున్నా పిల్లల డాక్టరుకు వెంటనే చూపించాలి. పది వారాలు ముందే పుట్టింది కాబట్టి, ఎదుగుదల లెక్క చూసేటప్పుడు తనను ఐదున్నర నెలల బిడ్డగానే చూడండి.

తర్వాతి టీకాకు వెళ్లినప్పుడు, సూది వేసే ముందే పాలు పట్టడం మొదలుపెట్టి, అయ్యేదాకా ఆపకండి. కదలకుండా ఉండాలని నర్సు పాదం పట్టుకోబోతే, ‘కాళ్లు నేను పట్టుకుంటా’నని చెప్పండి.