‘గాయాలయ్యాయి’ అంటే అభియోగానికి చాలదు

సందేహం: కొట్లాట కేసుల కాగితాల్లో ‘ఘర్షణలో ఫిర్యాదికి తీవ్ర గాయాలయ్యాయి’ అని రాస్తే తప్పేమిటి? ఛార్జిషీటు, అభియోగం ఒకటేనా?

సమాధానం: రెండో ప్రశ్న తేలిక. ఒకటి కాదు. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక ఛార్జిషీటు (కేసులు నడిపే పద్ధతిని చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 193వ సెక్షన్). దాన్నీ జతపరచిన కాగితాలనూ చూసి న్యాయాధికారి రూపొందించేది అభియోగం. పోలీసులు దాఖలు చేస్తారు, కోర్టు మోపుతుంది. ‘పోలీసులు అభియోగాలు మోపారు’ అని పత్రికల్లో కనిపించే వాక్యం కోర్టు భాషలో చెల్లదు.

ఇక ‘గాయాలయ్యాయి’. వ్యాకరణ దోషం లేదు. చిక్కల్లా ఆ వాక్యంలో కర్త ‘గాయాలు’ కావడమే. కొట్టినవాడు ఎక్కడా లేడు. చేసినవాణ్ని పక్కనపెట్టి జరిగినదాన్నే చెప్పడం తెలుగుకు బాగా అలవాటు. అభియోగానికి కావలసింది సరిగ్గా ఆ చేసినవాడే. ఏ నేరం, ఏ సెక్షన్ అన్నవి అదే సంహిత 234వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడు, ఎక్కడ, ఎవరిపై అన్నవి 235 ప్రకారం ఉండాలి. ఇవన్నీ చెప్పినా నిందితుడికి తన మీద ఉన్నదేమిటో స్పష్టం కాకపోతే, ఎలా చేశాడో కూడా రాయాలని 236 చెబుతుంది. వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది:

‘నీవు ఫలానా తేదీన రాత్రి సుమారు 9 గంటలకు, ఫలానా చోట, ఫలానా వ్యక్తిని బుద్ధిపూర్వకంగా ఇనుపరాడ్డుతో కొట్టి, అతని ఎడమ ముంజేతి ఎముక విరగ్గొట్టి, తీవ్రమైన గాయం కలిగించావు. తద్వారా భారతీయ న్యాయ సంహిత 118(2) కింద శిక్షార్హమైన నేరం చేశావు.’

ఇందులో ‘బుద్ధిపూర్వకంగా’ అన్న మాటను వదలకూడదు. కొందరు ‘స్వచ్ఛందంగా గాయపరచాడు’ అని రాస్తారు; ఆ మాట రక్తదానానికి నప్పుతుంది, రాడ్డు దెబ్బకు కాదు. ఇదే ఎముక ఎవరి దుడుకుతనం వల్లో, నిర్లక్ష్యం వల్లో విరిగితే, నేరాలనూ శిక్షలనూ చెప్పే అదే న్యాయ సంహితలో సెక్షన్ 125(బి) అవుతుంది, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఆయుధం లేకుండా కావాలని విరగ్గొడితే 117(2), ఏడేళ్ల దాకా. ‘నిర్లక్ష్యంగా, కావాలని కొట్టాడు’ అని రెండూ కలిపేస్తే వాక్యం తనను తానే ఖండించుకుంటుంది.

‘తీవ్రం’ ఎక్కడ చేరుతుందో కూడా చూసుకోవాలి. ‘తీవ్రంగా కొట్టాడు’ అంటే దెబ్బ తీవ్రత. చట్టం అడిగేది గాయం తీవ్రత: ఎముక విరగడం, పన్ను ఊడటం, 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడటం లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవడం వంటివి. పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) ఇది 20 రోజులు. 2024 జులై 1 నుంచి మారింది.

ప్రాణాపాయం కలిగించే పనికి, అంటే 125లోని మూల నేరానికి (పైన చెప్పిన బి క్లాజుకు కాదు), అసలు గాయమే అక్కర్లేదు. అందుకే అక్కడ ‘నిర్లక్ష్యంగా ప్రవర్తించాడు’ అని ఆపేయకూడదు. ఏ పని చేశాడు, దాని వల్ల ఎవరికి, ఏ విధంగా అపాయం ఏర్పడింది అన్నవే ఆ ఆరోపణకు ప్రాణం.

మాట జారినంత మాత్రాన కేసు పోదు. అభియోగంలోని లోపం వల్ల నిందితుడు పొరపడి, న్యాయానికి భంగం కలిగితేనే దాన్ని పట్టించుకోవాలని నాగరిక్ సురక్షా సంహిత 238 అంటుంది; తీర్పుకు ముందు ఎప్పుడైనా కోర్టు అభియోగాన్ని మార్చుకోవచ్చు. మామూలు గాయం, అంటే న్యాయ సంహిత 115(2), సమన్లు కేసు (రెండేళ్లకు మించని శిక్ష ఉన్న చిన్న కేసు) కాబట్టి లాంఛనంగా అభియోగం రాయనక్కర్లేదు; నేర వివరాలు నిందితుడికి చెబితే చాలు.