సొంత ప్రోగ్రామింగ్ భాషను నిర్మించడానికి ఓకామెల్, హాస్కెల్, రాకెట్‌లలో ఏది అనుకూలం?

ఈ మూడూ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాషలే అయినా, మొదటిసారి కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) రాయబోయేవారికి నేను ఓకామెల్‌నే సూచిస్తాను. సింటాక్స్ ట్రీ (కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టు)లోని ఒక్కొక్క రూపాన్ని వేరియంట్‌గా, అంటే ఒక టైప్‌కు ఉండగల ప్రత్యామ్నాయాల్లో ఒకటిగా ప్రకటించి, ప్యాటర్న్ మ్యాచింగ్‌తో (ఏ రూపానికి ఏం చేయాలో విడివిడిగా రాస్తూ) విడదీస్తూ పోతే, మనం వదిలేసిన సందర్భం గురించి ఓకామెల్ కంపైలరే హెచ్చరిస్తుంది. భాషకు కొత్త నిర్మాణాన్ని చేర్చినప్పుడు ఏయే ఫంక్షన్లను సవరించాలో ఆ హెచ్చరికలే చూపుతాయి. పార్సర్‌ను (కోడ్‌ను చదివి ఆ చెట్టుగా మార్చే భాగాన్ని) తయారుచేసే మెన్‌హిర్ అనే సాధనం, వ్యాకరణంలో సందిగ్ధత తలెత్తితే అది ఎలా వచ్చిందో ఉదాహరణతో వివరించగలదు. రస్ట్ తొలి కంపైలర్‌ను రాసింది ఓకామెల్‌లోనే.

హాస్కెల్‌లోనూ ఈ సదుపాయాలున్నాయి. పైగా మెగాపార్సెక్ అనే లైబ్రరీతో, విడిగా వ్యాకరణ ఫైలు లేకుండా, పార్సర్‌ను మామూలు ఫంక్షన్లుగానే కూర్చుకోవచ్చు. ఎల్మ్, ప్యూర్‌స్క్రిప్ట్ కంపైలర్లు ఇందులో రాసినవే. అయితే సింబల్ టేబుల్ (కోడ్‌లోని పేర్ల వివరాల పట్టిక) వంటి మారుతుండే సమాచారాన్ని మొనాడ్ల (వరుసగా జరగాల్సిన పనులను గొలుసుగా కూర్చే హాస్కెల్ పద్ధతి) ద్వారా నడపవలసి రావడం కొత్తవారికి భారమే.

రాకెట్ దారి వేరు. కొత్త భాషను మాక్రోలతో (ఒక కోడ్‌ను మరో కోడ్‌గా మార్చే నియమాలతో) రాకెట్‌లోకే విస్తరింపజేస్తే మాడ్యూళ్లు, రన్‌టైమ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెనక ఉండే వ్యవస్థ), రాకెట్ సొంత ఎడిటర్ డాక్టర్‌రాకెట్ తోడ్పాటు సిద్ధంగా దొరుకుతాయి. టైప్‌లను ముందే తనిఖీ చేసే టైప్డ్ రాకెట్ భాష ఈ పద్ధతిలో వచ్చినదే. చిన్న, ప్రత్యేక అవసరపు భాషకు ఇంతకంటే దగ్గరి దారి లేదు గాని, స్వతంత్రంగా మెషీన్ కోడ్‌ను వెలువరించే కంపైలరే లక్ష్యమైతే ఆ లాభంలో అధికభాగం దక్కదు.