వేరొకరి కేసు మీ రిపోర్టులో పడితే: మూడో అప్లికేషన్ ఫీజు కట్టేముందు

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. 2019లో హెచ్-1బీ మీద వచ్చాను, అంతకుముందు అమెరికా మొహం చూడలేదు. ఆగస్టులో పాపను స్కూల్లో వేయాలి కదా అని ఫ్రిస్కోలో డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కి అప్లై చేశాం. మా ఇద్దరికీ కలిపి అప్లికేషన్ ఫీజు 150 డాలర్లు, అడ్మిన్ ఫీజు 150, డిపాజిట్ 300 క్రెడిట్ కార్డు మీద కట్టాం. నాలుగో రోజు 'క్రిమినల్ హిస్టరీ వల్ల తిరస్కరిస్తున్నాం' అని ఈమెయిల్ వచ్చింది. ఫోన్ చేస్తే, వేరే కౌంటీలో 2016లో తాగి కారు నడిపిన కేసు నా పేరు మీద ఉందన్నారు. అప్పటికి నేను గుంటూరులో ఉన్నాను. కట్టినదాంట్లో పైసా కూడా తిరిగి రాదంటున్నారు. ఇంకోచోట 120 డాలర్లు కట్టి ప్రయత్నిస్తే అక్కడా అదే జవాబు. 'పోయిన డబ్బు పోయింది, మూడోచోట చూడు' అంటున్నారు స్నేహితులు. ఒకాయనైతే రెండింతల డిపాజిట్ తీసుకుని ఎవరికైనా ఇచ్చే కాంప్లెక్సులున్నాయని చెప్పాడు. జూలై నెలాఖరుకి మా లీజు అయిపోతుంది. ఏం చేయాలి? ఇది వీసా మీదికి వస్తుందా?

జవాబు: మూడోచోట ఇప్పుడే డబ్బు కట్టకండి. మీ గురించి ఆ కాంప్లెక్సులు తెప్పించుకున్న రిపోర్టు మీ చేతికి రావాలి, అందులో తప్పు సరికావాలి, ఆ తర్వాతే అప్లికేషన్. రెండు కాంప్లెక్సులూ ఒకే స్క్రీనింగ్ కంపెనీని (అద్దెకు వచ్చేవాళ్ళ పాత రికార్డులు వెతికి రిపోర్టు ఇచ్చే సంస్థని) వాడుతూ ఉండవచ్చు, లేదా రెండు కంపెనీలు ఒకే చోట కోర్టు రికార్డులు కొంటూ ఉండవచ్చు. ఏదైనా సరే, మూడో లీజింగ్ ఆఫీసు మేనేజరు ఎంత మంచివారైనా ఆయన స్క్రీన్ మీద కనిపించేది అదే కేసు. గుంటూరులో ఇంటాయన మీ ఊరు, ఉద్యోగం, ఎంతమంది ఉంటారు అని నాలుగు ప్రశ్నలు వేసి, తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ కొట్టి తేల్చేసేవారు. అమెరికాలో ఆ ఫోన్ కాల్ ఉండదు, రిపోర్టు చెప్పిందే వేదం.

ఇవాళే రెండు కాంప్లెక్సులకూ విడివిడిగా ఈమెయిల్ రాయండి. అమెరికాలో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం 1970 నుంచి ఉంది. అద్దెకు వచ్చేవాళ్ళ మీద తయారయ్యే స్క్రీనింగ్ రిపోర్టులూ దాని కిందికే వస్తాయి. రిపోర్టు చూసి కాదన్నవాళ్ళు ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు మీకు చెప్పి తీరాలి. ఆ నోటీసు అందిన 60 రోజుల్లోపు అడిగితే కంపెనీ రిపోర్టు కాపీని ఉచితంగా ఇవ్వాలి. నోటీసు నోటిమాటగా ఇచ్చినా చట్టానికి సరిపోతుంది గానీ మీకు సరిపోదు, రాతపూర్వకంగానే అడగండి. మీ స్నేహితుడు చెప్పిన రెండింతల డిపాజిట్ కూడా ఇందులోకే వస్తుందని గుర్తుంచుకోండి. రిపోర్టు కారణంగా ఎక్కువ డిపాజిట్ అడిగినా, పూచీదారుని తెమ్మన్నా, అదీ ప్రతికూల నిర్ణయమే. అక్కడా నోటీసు ఇవ్వాల్సిందే.

ఈ తప్పు ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని సరిచేసే దారి కూడా అందులోనే ఉంది. కోర్టు రికార్డుల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు సాధారణంగా బయటికి కనిపించదు. కాబట్టి స్క్రీనింగ్ కంపెనీల సాఫ్ట్‌వేర్ పేరు, పుట్టిన తేదీ లాంటివాటితో జత కలుపుతుంది. ఆ జత కలిపే నియమాలు వదులుగా పెట్టుకుంటే పక్కవాడి కేసు మీ ఖాతాలో పడుతుంది. 2018లో రియల్‌పేజ్ అనే కంపెనీ సరిగ్గా ఈ విషయం మీదే వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 30 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఇంటిపేరు అచ్చుగా కలిస్తే చాలు, మిగతావి దగ్గరగా ఉన్నా జత కలిపేస్తోందన్నది ఆరోపణ. 2020లో యాప్‌ఫోలియో అనే మరో స్క్రీనింగ్ కంపెనీ 42.5 లక్షల డాలర్లు కట్టింది. 2023 అక్టోబరులో ట్రాన్స్‌యూనియన్ వాళ్ళ అద్దె స్క్రీనింగ్ విభాగం వ్యవహారం కోటిన్నర డాలర్లకు తేలింది. నేరాల, ఖాళీ చేయింపుల సమాచారం తాము ఎవరి దగ్గర కొన్నారో అడిగినవాళ్ళకి చెప్పకపోవడం అందులో ఒక అభియోగం.

మన పేర్ల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో 'వెంకట' మొదటి పేరుగా, 'రెడ్డి' చివరి పేరుగా పడిపోయి, అసలు పిలిచే పేరు మధ్యలో చిక్కుకుపోతే, ఆ రెండు ముక్కలతో ఒక్క డల్లాస్ చుట్టుపక్కలే ఎంతమంది దొరుకుతారో! దానికి తోడు తేదీల గొడవ. మనం రోజు ముందు రాస్తాం, వాళ్ళు నెల ముందు రాస్తారు. ఆగస్టు 5న పుట్టినాయన అలవాటు కొద్దీ మన పద్ధతిలో నింపితే, రికార్డుల్లో మే 8న పుట్టినవాడైపోతాడు. మీరు పంపిన అప్లికేషన్ కాపీ తీసి, పేరు, తేదీ ఎలా నింపారో ఒకసారి చూసుకోండి. అక్కడే తేడా ఉంటే పని సులువు.

రిపోర్టు వచ్చాక ఆ కేసు ఏ కౌంటీదో, కేసు నంబరు ఏమిటో చూడండి. అవి అందులో లేకపోతే, ఎక్కడ తీసుకున్నారో చెప్పమని కంపెనీనే అడగండి. కేసు నంబరు దొరికితే ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసులో, లేదా వాళ్ళ వెబ్‌సైట్‌లో, రికార్డు తెప్పించుకోండి. ఆ మనిషి పుట్టిన తేదీ, చిరునామా మీవి కావని అక్కడే తేలిపోవచ్చు. మీకు ఇంకో బలమైన సాక్ష్యం ఉంది. 2016లో మీరు ఈ దేశంలోనే లేరు. పాస్‌పోర్టులో మొదటి వీసా, మొదటి ప్రవేశ ముద్ర, ఐ-94 ప్రయాణ వివరాలు, ఆ ఏడాది గుంటూరులో జీతం తీసుకున్నట్టు ఫారం 16. ఇవి చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు తప్ప మిగతావి కొట్టేసి కాపీలు పంపండి.

ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఫలానా కేసు నాది కాదు, ఇదిగో ఆధారాలు, తీసేసి సరిచేసిన రిపోర్టు పంపండి అని. కోపం, కథ అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న అభ్యంతరం) పెట్టినా, ముట్టినట్టు రసీదు వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా ఒక ప్రతి పంపండి. చాలామంది ఇక్కడ దారి తప్పి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు రాసి కూర్చుంటారు. మీ తప్పు క్రెడిట్ ఖాతాల్లో లేదు, స్క్రీనింగ్ రిపోర్టులో ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీకే రాయాలి. రెండు కాంప్లెక్సులూ రెండు వేర్వేరు కంపెనీల పేర్లు చెబితే ఇద్దరికీ రాయాలి. విచారణకు వాళ్ళకున్న గడువు 30 రోజులు. మధ్యలో మీరు కొత్త కాగితాలు పంపితే ఇంకో 15 రోజులు తీసుకోవచ్చు, అందుకే ఉన్న ఆధారాలన్నీ ఒకేసారి పంపేయండి. దీనికి ఫీజు లేదు. తప్పు తీసేశాక, గత ఆరు నెలల్లో మీ రిపోర్టు అందుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియజేయమని కోరే హక్కు కూడా మీకుంది. కానీ మీరు అడిగితేనే చేస్తారు. ఆ ఒక్క వాక్యం ఉత్తరంలో చేర్చండి.

ఇక డబ్బు. మీరు మొదటిచోట కట్టిన 600ని ఒకే ముద్దగా చూడకండి, మూడు ముక్కలకూ మూడు దారులు.

డిపాజిట్ 300 మీదే. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయంలో అప్లికేషన్ డిపాజిట్‌కి ఇచ్చిన నిర్వచనమే 'దరఖాస్తు తిరస్కరిస్తే తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము' అని. లీజు రాయకముందే కాదన్నారు కాబట్టి దాన్ని ఉంచుకోవడానికి వాళ్ళకి ఆధారం లేదు. దురుద్దేశంతో ఇవ్వకపోతే 100 డాలర్లు, ఉంచుకున్న సొమ్ముకు మూడు రెట్లు, పైన మీ లాయరు ఖర్చు కట్టాలని అదే చట్టం చెబుతోంది. మీ 300కి అది లాయరు ఖర్చు కాక 1,000 డాలర్లు. లీజింగ్ ఆఫీసు అమ్మాయితో ఫోన్‌లో వాదిస్తే లాభం లేదు, ఆమె చేతిలో ఏమీ ఉండదు. మేనేజ్‌మెంట్ కంపెనీకి రాతపూర్వకంగా, ఈ సెక్షన్లు (92.351, 92.354) చూపిస్తూ, పది రోజుల గడువిచ్చి రాయండి.

అప్లికేషన్ ఫీజు 150 మామూలుగా తిరిగి రాదు, చట్టం కూడా దాన్ని స్క్రీనింగ్ ఖర్చుగానే చూస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. టెక్సస్‌లో ఇంటి యజమాని దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఏయే కారణాల మీద కాదనవచ్చో, అంటే నేర చరిత్ర, పాత అద్దె చరిత్ర, ఆదాయం, క్రెడిట్ వగైరా, అచ్చులో మీ ముందు పెట్టాలి. చూశానని మీ సంతకం తీసుకోవాలి. ఆ కాగితం ఇవ్వకుండా తిరస్కరిస్తే ఫీజూ డిపాజిటూ రెండూ వెనక్కి ఇవ్వాలి. మీ సంతకం లేకపోతే, ఇచ్చామని నిరూపించుకోవాల్సింది వాళ్ళే. ఆన్‌లైన్‌లో మీరు గబగబా 'అంగీకరిస్తున్నాను' నొక్కిన పేజీల్లో అది ఉండే అవకాశమే ఎక్కువ. అయినా పీడీఎఫ్ తెరిచి చూడండి. రెండోచోట కట్టిన 120కి కూడా ఇదే పరీక్ష.

అడ్మిన్ ఫీజు 150 మీరు సంతకం చేసిన కాగితంలో ఏముందో దాన్ని బట్టి. 'లీజు కుదిరితేనే' అని ఉంటే గట్టిగా అడగండి. 'ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వం' అని ఉంటే ఒక ఈమెయిల్ రాసి వదిలేయండి. దాని కోసం సెలవు పెట్టి తిరగడం దండగ.

క్రెడిట్ కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసి మొత్తం 600 వెనక్కి లాగేస్తానంటారేమో. అలా చేయొద్దు. స్క్రీనింగ్ నిజంగానే జరిగింది కాబట్టి ఫీజు భాగంలో వాళ్ళే గెలుస్తారు, ఆ గొడవలో మీ డిపాజిట్ వాదన కూడా పలచనైపోతుంది. ముందు ఉత్తరం రాయండి. వాళ్ళు నోరు విప్పకపోతే, తప్పు కనిపించిన స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు, డిపాజిట్ 300 మట్టుకే కార్డు కంపెనీ దగ్గర ఎత్తండి. అదీ కుదరకపోతే జస్టిస్ కోర్టు ఉంది. 20,000 డాలర్ల దాకా దావాలు అక్కడ నడుస్తాయి, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.

జూలై నెలాఖరు విషయం నన్ను ఈ ఫీజులకన్నా ఎక్కువ కంగారు పెడుతోంది. ఇప్పుడున్న కాంప్లెక్సులో నెలనెలా పద్ధతికి మారితే ఎంతవుతుందో రేపే కనుక్కోండి, నోటీసు గడువు కూడా చూసుకోండి. అద్దె మీద మూడు నాలుగు వందలు ఎక్కువ అడుగుతారేమో. బాధగానే ఉంటుంది. కానీ రిపోర్టు సరికావడానికి పట్టే నెలా నెలన్నర ఆగితే పోయేది ఆ తేడా మాత్రమే. ఆగకపోతే ప్రతి ప్రయత్నానికీ 120, 150 పోస్తూ, చివరికి రెండింతల డిపాజిట్‌తో నచ్చనిచోట ఏడాది లీజులో ఇరుక్కుంటారు. స్కూలుకి ఆ డిస్ట్రిక్ట్‌లో నివాస రుజువు కావాలి కాబట్టి పాప చేరిక కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు. ఇర్వింగ్‌లోనే మొదలుపెట్టి తర్వాత మార్చుకున్నా ప్రాణం మీదికేమీ రాదు. ఈ తొందరలో వాట్సాప్ గ్రూపుల్లో 'స్క్రీనింగ్ లేదు, ముందు జెల్‌లో అడ్వాన్స్ పంపండి' అనే ఇళ్ళ జోలికి వెళ్ళకండి. జెల్ అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి. జెల్‌లో పోయిన డబ్బు తిరిగి రావడం దాదాపు కల్ల.

సరిచేసిన రిపోర్టు వచ్చాక, తర్వాతి చోట డబ్బు కట్టేముందే మూడు సంగతులు అడగండి. ఏ స్క్రీనింగ్ కంపెనీ వాడతారు, ఎంపిక నియమాల కాగితం ఏది, కాదంటే ఏ ఫీజు వెనక్కి ఇస్తారు. కంపెనీ పంపిన దిద్దుబాటు ఉత్తరాన్ని దరఖాస్తుతోపాటే జతచేయండి.

ఇది చదువుతున్న మిగతా రాష్ట్రాలవాళ్ళకి ఒక మాట. న్యూయార్క్‌లో 2019 నుంచి ఈ ఫీజు 20 డాలర్లు దాటకూడదు, రిపోర్టు కాపీ కూడా ఇవ్వాలి. మసాచుసెట్స్‌లో యజమాని అప్లికేషన్ ఫీజు అసలు తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో గరిష్ఠ పరిమితి ఉంది, అది ఏటా మారుతుంది. టెక్సస్‌లో అలాంటి పరిమితి లేదు. అందుకే అక్కడ ఒక్కో కాంప్లెక్సు ఒక్కో రేటు చెబుతుంది.

వీసా భయం వదిలేయండి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ హక్కులిచ్చింది వినియోగదారుకి, పౌరసత్వం అడగదు. డిస్ప్యూట్ పెట్టినందుకు మీ స్టేటస్‌కి వచ్చే ముప్పేమీ లేదు. గ్రీన్‌కార్డు దశలో అమెరికా వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ మీ వేలిముద్రలు తీసుకుని ఎఫ్‌బీఐ రికార్డులతో పోల్చి చూస్తుంది, అపార్ట్‌మెంట్లకు అమ్మే రిపోర్టుల్ని కాదు. వేలిముద్రలు మీవే కాబట్టి ఆ కేసు మీదని అక్కడ తేలదు. దిద్దుబాటు ఉత్తరాన్ని మాత్రం ఐ-797 కాగితాలు (యూఎస్‌సీఐఎస్ ఇచ్చే నోటీసులు) ఉన్న ఫైల్లోనే దాచుకోండి.

30 రోజులు దాటినా కదలిక లేకపోతే, లేదా 'పరిశీలించాం, సరిగ్గానే ఉంది' అని మూస జవాబు వస్తే, కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకి, టెక్సస్ అటార్నీ జనరల్‌కి ఫిర్యాదు చేయండి. తర్వాత ఈ చట్టం కింద కేసులు వేసే వినియోగదారుల లాయరుని కలవండి. కంపెనీ కావాలని చట్టాన్ని మీరిందని తేలితే, నష్టం రుజువు చేయలేకపోయినా 100 నుంచి 1,000 డాలర్ల దాకా పరిహారం ఉంటుంది. నిజంగా జరిగిన నష్టం చూపించగలిగితే అదీ అడగవచ్చు, కాబట్టి నెలనెలా పద్ధతిలో కట్టిన అదనపు అద్దె, పోయిన ఫీజుల రసీదులు అన్నీ ఉంచండి. గెలిస్తే లాయరు ఫీజు అవతలివాళ్ళే కట్టాలి. అందుకే ఇలాంటి కేసుల్లో చాలామంది లాయర్లు ముందుగా డబ్బు అడగరు. మొదటి సమావేశంలోనే ఆ సంగతి తేల్చుకోండి.