నీ వాటా సంగతి, దేవుడి సంగతి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న ఫోనులో నువ్వు అడిగిన మాటకు రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. నీ సంతకం ఎవరిచేతో పెట్టించి, పొలంలో నీ వాటా నువ్వే వదులుకున్నట్టు హక్కు విడుదల పత్రం పుట్టించిన మీ అన్నయ్య మేడ మీద మేడ వేస్తున్నాడు, కారు కొన్నాడు, ఊళ్లో పెద్దమనిషిగా చలామణి అవుతున్నాడు. ‘దేవుడు ఎవరి పక్షాన ఉన్నట్టు?’ అన్నావు. అన్నాక పాపమేమో అని బెదిరిపోయావు. పాపం ఏమీ లేదమ్మా. ధర్మరాజంతటివాడే అడిగాడు. అరణ్యవాసంలో తీర్థయాత్రలు చేస్తూ, ‘నాలో సద్గుణం లేకపోలేదు, అయినా కష్టాలే, శత్రువుల్లో ధర్మమే లేదు, అయినా వర్ధిల్లుతున్నారు, ఎందుకు?’ అని రోమశ మహర్షి దగ్గర వాపోయాడు.

మహర్షి చెప్పిన జవాబు నిదానంగా విను. అధర్మంతో మనిషి మొదట పెరుగుతాడు, ఆపైన శుభాలు చూస్తాడు, ఆ తరువాత శత్రువులను గెలుస్తాడు, చివరికి వేళ్లతో సహా నశిస్తాడు. నాలుగు మెట్లలో మూడు పైకే! మీ అన్నయ్య మేడను చూసి నువ్వు దేవుణ్ణి శంకిస్తున్నావు. అలాంటి మేడలు లేస్తాయని మహర్షి ముందే ఒప్పుకున్నాడు. నాలుగో మెట్టు ఎన్నాళ్లకో మాత్రం చెప్పలేదు.

ఆ మెట్టు కోసం నువ్వు కాపలా కూర్చోవద్దు. ఇది నేను చాలా గట్టిగా చెబుతున్న మాట. ఆ ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే ‘చూశావా’ అనాలనిపిస్తుంది. ఆ పిల్లలు నిన్ను అత్తా అని పిలుస్తారు. దుమ్మెత్తి పోసి శాపనార్థాలు పెట్టేవాళ్లను మన బంధువుల్లోనే చూశాను. ఎదుటివాడికి ఏమైందో కానీ, వాళ్ల నోటికి అన్నం రుచి పోయింది.

అలాగని భారం దేవుడి మీద వేసి ఊరుకోమనడం లేదు. అజ్ఞాతవాసం ముగిశాక పాండవులు కృష్ణుణ్ణి రాయబారం పంపి తమ భాగం అడిగారు, అయిదూళ్లిచ్చినా చాలన్నారు. నువ్వూ అడుగు. ఆ పొలం మీ తాతగారి నాటిది. అలాంటి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఇస్తూ 1985 నుంచే వర్తించేలా మన రాష్ట్రంలో సవరణ వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ధ్రువపత్రం, తీసుకో, ఆ విడుదల పత్రం నకలు కూడా. సాక్షులుగా ఎవరు సంతకాలు చేశారో చూడు. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోగా రద్దు కోసం దావా వేయాలి, కాబట్టి పండగలనీ పెళ్లిళ్లనీ వాయిదా వేయకు. ప్లీడరు ఫీజుకు భయపడకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే మంచిదే. కానీ దాని మీద అప్పీలు ఉండదు, ఒకటికి రెండుసార్లు చదివి సంతకం పెట్టు.

ఇక అసలు పరీక్ష అక్కడే వస్తుంది. ‘అమ్మ నగలు కూడా వాడే కాజేశాడని రాయించు, కేసు బలపడుతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు తప్పక తయారవుతారు. నగలు మీ అమ్మ చేతులారా నీకే ఇచ్చింది, నా ఎదుటే ఇచ్చింది. దేవుడి న్యాయం మీద నమ్మకం ఉన్నవాళ్లకు అబద్ధం ఆసరా అక్కరలేదు. పొలం ఎన్ని సెంట్లో అన్నే రాయించు, జరిగింది జరిగినట్టే చెప్పు. గెలుపు ఆలస్యం కావచ్చు, నీ వాటా పూర్తిగా రాకపోనూ వచ్చు. అయినా సరే. ఫలం కోసం ధర్మంతో బేరమాడేవాడు అధముడని ద్రౌపదితో ధర్మరాజు అన్నాడు, అదీ ఆమె నీలాగే మండిపడుతున్న రోజున.

మీ నాన్నగారి పాత పట్టాదారు పాస్‌పుస్తకం నా బీరువాలో భద్రంగా ఉంది. ఈసీ చేతికి రాగానే ఫోను చెయ్యి, తీసుకుని నేనే వస్తాను. సాక్ష్యం చెప్పమన్నా చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ