ఆ కేబుల్ మీద చెయ్యి వెయ్యకు

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

హన్మకొండలో సొంతంగా బండ్ల స్కానింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ప్రోగ్రామింగ్ మొదలుపెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో అందరం పానాలు పట్టినవాళ్లమే. ల్యాప్‌టాప్‌తో బండి బాగుచేసేవాడివి నువ్వే మొదలు. చాలా సంతోషమైంది. కానీ ఆదివారమే మొదటి బండి అనగానే టెన్షన్ పట్టుకుంది.

ఛాసిస్ నంబరు, ఈసీయూ పార్ట్ నంబరు, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసిపెట్టుకో. పాత ఫైలు చదవడానికి వీలుంటే చదివి రెండు చోట్ల దాచుకో. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోవద్దు, మధ్యలో విండోస్ అప్‌డేట్ రావద్దు. బ్లూటూత్ నమ్ముకోకు, కేబులే పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా బ్యాటరీ గురించే. ములుగు రోడ్డు షెడ్‌లో నేను పనిచేసేటప్పుడు ఒక డీజిల్ బండి వచ్చింది. మర్నాడు వాళ్లింటిల్లిపాదీ మేడారం పోవాలి. సమ్మక్కకు మొక్కుకున్న బెల్లం ముద్దలు అప్పటికే డిక్కీలో ఉన్నాయి, గోనెసంచికి పాకం అంటుకుని ఉంది. ఐడిల్‌లో ఊగుతోందని మా పెద్దమేస్త్రి ఈసీయూకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టాడు. బ్యాటరీకి మామూలు చార్జర్ తగిలించాడు. సగం కాకముందే రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో మొదలైంది. ఏదో కాలిపోతోందనుకుని, ఎంతో అనుభవమున్న ఆ మనిషి గబుక్కున కేబుల్ పీకేశాడు.

అక్కడ కాలిందేమీ లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు ఈసీయూ మిగతా పనులన్నీ ఆపేస్తుంది, అందుకే కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. కానీ అది కరెంటు బాగా లాగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది. ఈసీయూ ముందు పాతదాన్ని చెరిపేసి, తర్వాతే కొత్తది రాసుకుంటుంది. మధ్యలో ఆపితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఆ బండి సెల్ఫ్ కొడితే తిరిగింది కానీ స్టార్ట్ కాలేదు. చివరికి ఈసీయూ విప్పి హైదరాబాద్ పట్టుకుపోయి, బెంచ్ మీద పెట్టి రాయించాల్సి వచ్చింది. జాతర అయిపోయింది. ఆ ఇంటి ముసలమ్మ షెడ్డు ముందు కూర్చుని ఏడుస్తుంటే మేస్త్రి తల ఎత్తలేకపోయాడు.

అందుకే చెప్తున్నా. బ్యాటరీ మంచిది ఉండాలి, దానిమీద 13 వోల్టులకు పైన నిలకడగా ఇచ్చే పవర్ సప్లై ఉండాలి. దాన్ని లోడు మోసే ఇన్వర్టర్ మీద పెట్టు, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పక్క బండి స్టార్ట్ చేసి జంపర్ వేస్తే చాలనుకోకు. లైట్లు, బ్లోయర్ ఆపు. కేబుల్ గుచ్చే 16 పిన్నుల సాకెట్ వదులుగా ఉంటే ముందు దాని సంగతి చూడు. ఆగిపోయినట్టు అనిపించినా తాళం తిప్పకు. టూల్ ఏం అడుగుతుందో చదువు. చాలా బండ్లలో బూట్‌లోడర్, అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌ను లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్, బతికే ఉంటుంది, మళ్లీ రాయొచ్చు. కంగారుపడితేనే చెడుతుంది.

ఇంకోటి. డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) పీకేసి సాఫ్ట్‌వేర్‌లో ఆపేయమని డబ్బు ఆశ చూపేవాళ్లు వస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నియమాలు వచ్చాయి, తెలుసు కదా. ఆ పని నీ షెడ్‌లో జరిగిందని వింటే నీతో మాట్లాడను. ఆ పొగ మీ అమ్మ కూడా పీలుస్తుందిరా. పైసలు తక్కువైతే నన్నడుగు.

ఆదివారం కడుపునిండా తిని మొదలుపెట్టు. ఆకలి మీద ఓపిక ఉండదు నీకు, చిన్నప్పటి నుంచీ అంతే. నా పవర్ సప్లై కరీంనగర్ నుంచి ఆర్టీసీ కార్గోలో వేశాను, శనివారం తెచ్చుకో. ఎర్ర క్లిప్పు స్ప్రింగ్ కొంచెం వదులు, టెర్మినల్ గీకి బిగించి పట్టించు. పని అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ మామ